మనవరాలి ఎం.టెక్. చదువు – ఇంటి దస్తావేజులు

(రోలుగుంటలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సం.)



"పదవీ విరమణ తరువాత ఆరోగ్యం" అన్న విషయం మీద నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. నా రెండు మోకాళ్ళూ నాకంటె ముందే రిటైరయ్యాయని మీ అందరికీ తెలుసు. ఆ విషయం మాట్లాడే అర్హత నాకు లేదని మనవి చేసి, ఏడాదిన్నర పాటు మా ఇంట్లో నలిగిన సంగతి ఒకటి చెబుతానని అనుమతి పుచ్చుకున్నాను. అది మా మనవరాలి చదువు సంగతి. పైకి ఇంటి గొడవలాగే ఉంటుంది గాని, మనలో ఇంజనీరింగు చదివిన పిల్లలున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. "తరువాత ఏమిటి?" అన్న ప్రశ్న రాగానే అందరి చూపూ మన గ్రాట్యుటీ మీదికి, కమ్యుటేషన్ మీదికి, ఇంటి కాగితాల మీదికి పోతుంది. అందుచేత చెప్పవచ్చుననుకున్నాను.

నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టరుగా 34 ఏళ్ళు పనిచేసి 2009లో రిటైరయ్యాను. ఇక్కడ కూర్చున్నవారి పిల్లల్లో నా చేత చీవాట్లు తిన్నవాళ్ళు కొందరున్నారు. లేత్ మిషను తప్ప వేరే లోకం నాకు తెలియదు. మా మనవరాలు మెకానికల్ బి.టెక్. పూర్తిచేసి ఒకరోజు వచ్చి, "తాతయ్యా, నేను అడిటివ్ మాన్యుఫ్యాక్చరింగులో పి.జి. చేస్తాను" అంది. నాకు సగమే వినబడింది. చెవి మిషను సర్దుకొని మళ్ళీ చెప్పమన్నాను. "త్రీడీ ప్రింటింగు తాతయ్యా. వస్తువుని ప్రింటు చేయడం" అంది. వస్తువుని ప్రింటు చేయడమేమిటని నవ్వాను. ఆ నవ్వు తప్పని తరువాత తెలిసింది.

నవ్వుతో పోలేదు. విశాఖపట్నంలో విదేశీ చదువుల కన్సల్టెన్సీ ఒకదానికి మా అబ్బాయి అప్పటికే వెళ్ళి వచ్చాడు. ఏడాది చదువు, ఇంగ్లండు, అన్ని ఖర్చులూ కలిపి 28 లక్షలని రంగుల కాగితం మీద అంచనా వేసి ఇచ్చారు. బ్యాంకువాళ్ళు అంత అప్పుకు ఆస్తి హామీ అడుగుతారు. ఆస్తి అంటే రోలుగుంటలో మేముంటున్న ఇల్లు. అది నా పేర ఉంది. "నాన్నా, ఒక సంతకమే" అన్నాడు మా అబ్బాయి.

ఒక సంతకమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మా అమ్మాయి కొడుకు, అంటే పెద్ద మనవడు, కొన్నేళ్ళ క్రితం ఇలాగే విదేశం వెళ్ళాడు. ఏ దేశమో, ఏ కళాశాలో ఇక్కడ అనవసరం. కోర్సు పేరు ఘనంగా ఉంది. వెళ్ళి చూస్తే ఒక భవనంలో రెండంతస్తులు, నాలుగు కంప్యూటరు గదులు. ల్యాబ్ అన్నది కాగితంలోనే ఉంది. వాడు అక్కడ చదివిందానికంటె గిడ్డంగిలో పెట్టెలు మోసిందే ఎక్కువ. తిరిగి వచ్చాక అప్పు కింద చెరువు దిగువనున్న రెండెకరాల మడి అమ్మాము. ఇప్పుడు విశాఖలో సుఖంగానే ఉన్నాడు, వాడి తప్పేమీ లేదు. ఏ పాఠాలు చెబుతారు, ఏ మిషన్లున్నాయి అని ఒక్క ముక్క అడగకుండా సంతకం పెట్టింది నేను. విద్యార్థి చేతికి టూల్ ఇచ్చేముందు పదిసార్లు చూసుకునే మనిషిని, రెండెకరాల పొలం ఇచ్చేముందు చూసుకోలేదు.

అందుకని ఈసారి సంతకం పెట్టనన్నాను. ఇంట్లో నెల రోజులు మాటల్లేవు. మా ఇంటావిడ ఇంకొక వైపు నుంచి, పిల్లకి 22 దాటాయి, సంబంధాలు చూడండి అని మొదలుపెట్టింది. పిల్ల మాత్రం ఏమీ అనకుండా కాలేజీ ప్రాజెక్టు తాలూకు చిన్న ప్రింటరు ఒకటి స్నేహితురాలి దగ్గర తీసుకొని మా వసారాలో పెట్టింది.

అది చూడడానికి కుట్టుమిషనంత ఉంటుంది. చుట్ట చుట్టిన ప్లాస్టిక్ తీగ ఒక పక్క. ఆ తీగ వేడి ముక్కులోంచి కరిగి, సన్నటి ధారగా పడుతుంది. ముక్కు కంప్యూటరు చెప్పినట్లు అటూ ఇటూ తిరిగి ఒక పొర గీస్తుంది. తరువాత దానిమీద మరొక పొర. ఒక్కొక్క పొర మిల్లీమీటరులో అయిదోవంతు. ఈ పద్ధతి అమెరికాలో స్కాట్ క్రంప్ అనే ఆయన 1980ల చివర కనిపెట్టాడు. చిన్న కూతురికి బొమ్మ కప్ప చేసిపెట్టబోతే ఆ ఆలోచన వచ్చిందంటారు. ఆయనకంటె ముందే 1984లో చార్లెస్ హల్ అనే ఇంజనీరు, వెలుగు తగిలితే గట్టిపడే ద్రవంతో పొరలు పేర్చే పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టి 1986లో పొందాడు. అంటే నేను పిల్లలకు ఫేసింగు, థ్రెడింగు నేర్పుతున్న రోజుల్లోనే ఇది పుట్టిందన్నమాట. నాకు చెప్పినవాళ్ళు లేరు.

మాది కోసి తీసేసే విద్య. కడ్డీ బిగించి, అక్కరలేనిది చిప్స్‌గా రాల్చేస్తే మిగిలినదే జాబ్. మన జిల్లాలోనే ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిప్పి లక్క బొమ్మలు చేసేవారిదీ అదే సూత్రం. ఇదేమో చేర్చుకుంటూ పోయే విద్య. మన చిన్నప్పుడు మట్టి గోడలు పెట్టడం మీరంతా చూసినవారే. ఒక వరస పెట్టి, అది ఆరాక పై వరస. తొందరపడి పచ్చిగోడ మీద పెడితే పగులైనా ఇస్తుంది, ఒరగనైనా ఒరుగుతుంది. ఈ గోడ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మా పొలం స్ప్రేయరుకు మీటని పట్టి ఉంచే కొక్కెం విరిగిపోయి ఉంది. నర్సీపట్నంలో దొరకలేదు. పిల్ల దాని కొలతలు తీసుకొని, కంప్యూటరులో బొమ్మ గీసి, రెండు గంటల్లో ప్రింటు చేసి నా చేతిలో పెట్టింది. చూడముచ్చటగా ఉంది. నేను ఊరుకుంటానా? వెర్నియర్ తీశాను. రంధ్రం 8 మిల్లీమీటర్లు ఉండాలి, 7.7 ఉంది. "నా క్లాసులో అయితే ఇది తిరిగి చేయించేవాడిని" అన్నాను. డ్రిల్లుతో రంధ్రం సరిచేసి బిగించాము. నాలుగు మీటలు కొట్టేసరికి టప్పున విరిగింది. విరిగినచోట చూస్తే పొర పొరగా, కర్ర నార వెంబడి చీలినట్టు చీలింది.

నేను గెలిచానని లోపల సంతోషించిన మాట నిజం. పిల్ల ఆ రెండు ముక్కలూ వెలుగులో పెట్టి చూసి, అదే బొమ్మని ఈసారి నిలువుగా కాక పడుకోబెట్టి ప్రింటు చేసింది. మీట లాగే బలం పొరలను విడదీసే దిక్కున కాకుండా పొరల వెంబడి పడేటట్టు. రంధ్రం కొంచెం పెద్దది గీసింది. ఆ రెండో కొక్కెం ఒక పంటకాలం అంతా పనిచేసింది, ఇంకా విరగలేదు. ప్లాస్టిక్ అదే, మిషను అదే, బొమ్మ అదే. ఎటు తిప్పి పేర్చాలన్న తెలివి ఒక్కటే తేడా. "ప్లాస్టిక్ కొక్కెం కాబట్టి విరిగితే ఏమీ కాలేదు తాతయ్యా. రాకెట్టులో పెట్టే భాగం ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పాలి. ఆ చదువే నాకు కావాలి" అంది.

ఆ రోజు నుంచి ఆ సిలబస్ కాగితాలు నేనూ చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు కష్టమే, పిల్ల పక్కన కూర్చుని చెప్పింది. నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

ఫ్యాక్టరీల్లో లోహంతో చేసే ప్రింటింగులో తీగ బదులు పొడి వాడే పద్ధతి ముఖ్యమైనది. టైటానియమో, నికెల్ మిశ్రలోహమో మైదాపిండిలాగ మెత్తగా, ఒక్కొక్క రేణువూ గుండ్రంగా ఉండేట్టు తయారుచేస్తారు. సుమారు 15 నుంచి 45 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాన్ అని మన మైక్రోమీటరు పట్టినవారికి చెప్పనక్కరలేదు. ఆ పొడిని వెంట్రుక మందం కూడా లేని పొరగా పరిచి, లేజర్ కిరణంతో కావలసినచోట మాత్రమే కరిగిస్తారు. మళ్ళీ పొడి పరుస్తారు, మళ్ళీ కరిగిస్తారు. ఇలా వేల పొరలు. గాలి తగిలితే లోహం చెడుతుంది గనుక పెట్టె నిండా ఆర్గాన్ వంటి వాయువు నింపుతారు. టైటానియం పొడి నిప్పురవ్వ తగిలితే భగ్గున అంటుకుంటుంది, దాన్ని ముట్టుకోవడానికే వేరే శిక్షణ ఉండాలి.

ఇక్కడే మన మట్టి గోడ మళ్ళీ వస్తుంది. కరిగిన పొర చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది. కింద గట్టిపడ్డ పొరలు పోనివ్వవు. ఆ పెనుగులాట అంతా లోహం లోపల బిగువుగా నిలిచిపోతుంది. పళ్ళెం మీంచి కోసి తీసేసరికి జాబ్ వంకరపోవచ్చు, ఒక్కోసారి లోపలే పగులుతుంది. పైకి అందంగా ఉండి లోపల సూదిమొనంత బుడగలు ఉండవచ్చు. అందుకని వేడిమి శుద్ధి చేస్తారు, అధిక పీడనంలో వేడిచేసి బుడగలు మూస్తారు, మనకి ఆసుపత్రిలో తీసే సి.టి. స్కాన్ వంటిదే ఆ ముక్కకి తీస్తారు. వీటన్నింటినీ తెలుసుకోవడమే ఈ ఎం.టెక్. అంటే లోహశాస్త్రం, ఉష్ణం, లేజర్లు, కంప్యూటరు డిజైను, పరీక్షలు, లెక్కలు. రెండేళ్ళలో మొదటి ఏడాది పాఠాలు, రెండో ఏడాది ఎక్కువగా ప్రాజెక్టు. ప్రింటు బటన్ నొక్కడం నేర్చుకోవడానికి రెండేళ్ళెందుకని నాకూ అనిపించింది. లేత్ స్విచ్ వేయడం కూడా అర నిమిషం పనే కదా.

లేత్ గతేమిటని నాలాటివారికి అనుమానం ఉంటుంది. ప్రింటు చేసిన లోహపు ముక్క గరుకుగా వస్తుంది. బేరింగు కూర్చునేచోట, థ్రెడ్ ఉండేచోట చివరికి లేతో మిల్లింగో ఎక్కవలసిందే. మా ట్రేడ్ పోలేదు. నాకు అది చాలా ఊరట.

అయితే ఒక లెక్క విని మాత్రం నిద్రపట్టలేదు. మన ఇస్రోవారు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నాలుగో దశకు వాడే పి.ఎస్.4 ఇంజన్ను ఈ పద్ధతిలో చేయించి 2024 మే 9న పరీక్షించారు. 665 సెకన్లు మండింది. పాత పద్ధతిలో 14 భాగాలు విడిగా చేసి కలపాలి. ఇప్పుడు ఒకటే ముక్క. 19 వెల్డింగు అతుకులు పోయాయి. ఇంతకుముందు ఒక ఇంజనుకు 565 కిలోల ఫోర్జింగులు, రేకులు కావలసివచ్చేవి, ఇప్పుడు పొడి 13.7 కిలోలు. తయారీ సమయం 60 శాతం తగ్గింది. 565 ఎక్కడ, 13.7 ఎక్కడ! 34 ఏళ్ళలో నేనూ నా పిల్లలూ ఎన్ని టన్నుల చిప్స్ ఊడ్చి పారేశామో ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. దాన్ని చేసింది కూడా మన దేశంలోనే, బెంగుళూరుకు చెందిన విప్రో త్రీడీవారు.

చదువు మంచిదని తేలింది. ఇక ఎక్కడ చదవాలన్నది తేలాలి. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం, అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వంటివి ఈ విద్యలో నిజంగా పేరున్నవి. అవి బూటకమని నేను అనడం లేదు. స్థోమత ఉండి, సీటు అటువంటిచోట వస్తే వెళ్ళవలసిందే. కాని కన్సల్టెన్సీవారి కాగితంలో ఉన్న పేరు వీటిలో ఏదీ కాదు. పిల్ల చేత ఆ కళాశాలకి ఉత్తరం రాయించాను: లోహపు పొడితో ప్రింటు చేసే మిషన్లు ఎన్ని ఉన్నాయి, విద్యార్థి దాని మీద ఎన్ని గంటలు పనిచేస్తాడు, కిందటేడు ప్రాజెక్టులు ఏమిటి. ప్రాంగణం ఎంత సుందరంగా ఉందో వివరిస్తూ జవాబు వచ్చింది. మిషన్ల సంగతి లేదు.

ఇక్కడేమో హైదరాబాదు ఐ.ఐ.టి.లోనూ వరంగల్లు ఎన్.ఐ.టి.లోనూ అడిటివ్ మాన్యుఫ్యాక్చరింగు పేరుతోనే ఎం.టెక్. ఉంది. గేట్ పరీక్ష రాయాలి. అది ఏటా ఫిబ్రవరి ప్రాంతాల్లో జరుగుతుంది, వచ్చిన స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. గేట్ ద్వారా చేరిన ఎం.టెక్. విద్యార్థికి కేంద్ర ప్రభుత్వం నెలకు రూ. 12,400 ఉపకారవేతనం ఇస్తుంది. దానికి బదులుగా వారానికి కొన్ని గంటలు డిపార్టుమెంటు పని చేయాలి. ఫీజు, హాస్టలు ఖర్చు ఉంటాయి గాని, ఇల్లు తాకట్టు పెట్టవలసినంత కాదు. ఈ మాట కన్సల్టెన్సీవారు ఎందుకు చెబుతారు?

అలాగని అదేమీ సులభం కాలేదు. పిల్ల మొదటిసారి గేట్ రాసింది, స్కోరు చాలలేదు. మా అబ్బాయి నా మీద విరుచుకుపడ్డాడు. "ఆ సంతకం పెట్టి ఉంటే ఈపాటికి చదువు సగం అయ్యేది" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఒక ఏడాది పోగొట్టానేమోనన్న దిగులు నాకూ పట్టుకుంది. రాత్రిళ్ళు లేచి దస్తావేజులు తీసి చూసి మళ్ళీ బీరువాలో పెట్టిన రోజులున్నాయి. ఆ ఏడాది పిల్ల మా వసారాలోనే చదివింది. తెల్లవారుజామున నాలుగింటికి దీపం వెలిగేది. సంబంధాల మాట ఎత్తిన మా ఇంటావిడే కాఫీ పెట్టి ఇచ్చేది. రెండోసారి స్కోరు వచ్చింది, సీటు వచ్చింది. ఏ సంస్థలోనో చెప్పవద్దని మా ఇంటావిడ ఆజ్ఞ, దిష్టి తగులుతుందట.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. గ్యారంటీ ఏమీ లేదు. సాఫ్టువేరులాగ వీధికొక కంపెనీ ఉండదు. ఆ మిషన్లు, ఆ పొడి ఖరీదైనవి గనుక బకెట్లు, మగ్గులు దీంతో ఎవరూ చేయరు. తక్కువ సంఖ్యలో, ఎక్కువ విలువైన వస్తువులు కావలసినచోటే దీనికి గిరాకీ. అయితే అటువంటి చోట్లు మన తెలుగు నేల మీద బాగానే ఉన్నాయి. హైదరాబాదులో రక్షణ పరిశోధనాలయాలు, 1973లో పెట్టిన మిధాని, బాలాపూరులో పొడి లోహాల పరిశోధన కేంద్రం ఉన్నాయి. 2022 నవంబరు 18న దేశంలో మొదటి ప్రైవేటు రాకెట్టు విక్రమ్-ఎస్ ఎగరేసిన స్కైరూట్ కంపెనీ హైదరాబాదుదే. వారు 2021లో పరీక్షించిన ధావన్-1 ఇంజను త్రీడీ ప్రింటింగుతో చేసినదే. విశాఖపట్నంలో వైద్య పరికరాల కోసమే పెట్టిన మెడ్‌టెక్ జోన్‌లోనూ ఈ ప్రింటింగు సదుపాయం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో దీనికి జాతీయ విధానం ప్రకటించింది. మా పిల్ల ఏ ఉద్యోగంలో స్థిరపడుతుందో నేను జోస్యం చెప్పలేను. చదివినది లోహశాస్త్రం, పరీక్షలు గనుక ఈ ప్రింటింగు లేని ఫ్యాక్టరీలో కూడా పనికివస్తుందన్నది నా ధైర్యం.

మన వయసువారికి ఇదెందుకని వెనక వరసలో ఎవరో అన్నారు, మిషను ఉంది గనుక వినబడింది. చెవిలోపల పెట్టుకునే ఈ రకం మిషను పైతొడుగు ఎవరి చెవికి తగ్గట్టు వారికి చేస్తారు. ప్రపంచంలో ఇప్పుడు దాదాపు అన్నీ త్రీడీ ప్రింటింగుతోనే చేస్తున్నారట. మనవరాలిని చూసి నవ్విననాడు ఆ వస్తువు నా చెవిలోనే ఉంది! పళ్ళ తొడుగులు, తుంటి కీళ్ళ భాగాలు కూడా ఇలా చేస్తున్నారు. 2022లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, హైదరాబాదు ఐ.ఐ.టి., సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కలిసి మనిషి కంటి కణజాలం నుంచి తీసిన పదార్థంతో కార్నియాను ప్రింటు చేసి కుందేలు కంటికి అమర్చి చూశారు. అది కుందేలు దగ్గరి మాట. రేపు ఎవరైనా మీ దగ్గరికొచ్చి "ప్రింటు చేసిన కన్ను పెడతాం, అడ్వాన్సు కట్టండి" అంటే కట్టకండి.

నెల క్రితం పిల్ల ఫోను చేసింది. మొదటిసారిగా సొంతంగా లోహపు ముక్క ప్రింటు చేసిందట. పళ్ళెం మీంచి కోసేసరికి ఒక మూల అరటితొక్కలాగ పైకి లేచిందట. ఏడుపుగొంతుతో చెప్పింది. నా మొదటి జాబ్ టేపర్ పోయి ఎందుకూ పనికిరానిదైతే మా గురువుగారు దాన్ని ఏడాది పొడుగునా నా బల్ల మీదే పెట్టించిన సంగతి చెప్పాను. "నువ్వూ దాచుకో అమ్మా" అన్నాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. స్ప్రేయరు కొక్కేలు రెండూ, విరిగినదీ విరగనిదీ, జేబులో వేసుకొచ్చాను. విరగనిదాన్ని పొద్దున్నే స్ప్రేయరు నుంచి విప్పి తెచ్చాను గనుక సాయంత్రం మళ్ళీ బిగించాలి. వరసలో పంపిస్తాను, పిల్లలు ముట్టుకొని చూడండి, మరచిపోయి ఎవరూ ఇంటికి పట్టుకుపోకండి. కన్సల్టెన్సీ కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే భోజనాల దగ్గర నాకు చూపించండి, ఆ మూడు ప్రశ్నలూ రాసిస్తాను.